గోదావరి బురద చెప్పే సాక్ష్యం

సాయంత్రం వేళ వైరా చెరువు కట్టమీద కాసేపు కూర్చోవడం మాకు చాలా ఏళ్లుగా అలవాటు. అక్కడ మాతో కలిసే ఒక వృద్ధ రైతు ఈ మధ్య ఒక ప్రశ్న వేశాడు. "మౌల్వీ సాబ్, వానల తీరు మెల్లగా మారుద్దా, లేక ఒక్కసారే తిరగబడుద్దా?"

ప్రశ్న చిన్నదే. కానీ ప్రపంచ శాస్త్రజ్ఞులు దశాబ్దాలుగా తలలు బద్దలు కొట్టుకుంటున్న ప్రశ్న ఇది.

మనం ఉర్దూలో 'మౌసమ్' అంటాం. దాని మూలం అరబీ మాట 'మౌసిమ్', అంటే నిర్ణీత కాలం. అరబ్బు నావికులు ఈ గాలుల రాకను లెక్కగట్టి హిందూ మహాసముద్రం దాటేవారు. ఆ మాటే పోర్చుగీసుల నోటబడి 'మాన్సూన్' అయింది. వేళకు వస్తుందన్న నమ్మకం ఆ పేరులోనే ఉంది. ఆ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందన్నదే ఇప్పటి సమస్య.

1990ల తొలి సంవత్సరాల్లో గ్రీన్‌లాండ్‌లో యూరప్, అమెరికా శాస్త్రజ్ఞులు వేర్వేరుగా మంచును దాదాపు మూడు కిలోమీటర్ల లోతు వరకు తవ్వారు. ఏటేటా కురిసిన మంచు పొరలుగా పేరుకొని ఉంటుంది కనుక ఆ మంచుకడ్డీ లక్ష సంవత్సరాల దినచర్య పుస్తకం వంటిది. అందులో విస్మయం కలిగించే సంగతి బయటపడింది. సుమారు 11,700 సంవత్సరాల క్రితం ఒక సుదీర్ఘ చలికాలం ముగిసినప్పుడు, అక్కడి ఉష్ణోగ్రత కొద్ది దశాబ్దాలలోనే దాదాపు 10 డిగ్రీలు పెరిగింది. హిమపాతం మూడేళ్లలోపే రెట్టింపు అయి ఉండవచ్చు. అంటే, ఒక మనిషి జీవితకాలంలోనే లోకం మారిపోయిందన్నమాట!

దీనికి ముఖ్య కారణంగా చెప్పేది అట్లాంటిక్ సముద్ర ప్రవాహం. వెచ్చని నీటిని ఉత్తరానికి మోసుకుపోయే ఈ ప్రవాహం, కరిగిన మంచునీరు అధికంగా వచ్చి పడితే మందగిస్తుంది. అమెరికా శాస్త్రజ్ఞుడు వాలెస్ బ్రోకర్ 1987లోనే ఈ ప్రమాదాన్ని గురించి హెచ్చరించాడు. ఉత్తర అట్లాంటిక్ చల్లబడిన కాలాల్లో మన రుతుపవనాలు కూడా బలహీనపడ్డాయని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. ఎక్కడి అట్లాంటిక్, ఎక్కడి వైరా!

మన దేశంలోనూ సాక్ష్యాలు లేకపోలేదు. మేఘాలయలోని మవ్‌మ్లూ గుహలో నీటిచుక్కలతో ఏర్పడిన సున్నపురాతి స్తంభం, సుమారు 4,200 సంవత్సరాల నాటి కరవును తనలో దాచుకుంది. దాని ఆధారంగానే 2018లో భూచరిత్రలోని ప్రస్తుత యుగానికి 'మేఘాలయన్' అని పేరు పెట్టారు. ఆ కరవు ప్రపంచమంతటా ఒకేలా వచ్చిందా అన్నదానిపై పండితుల మధ్య చర్చ నేటికీ ఉంది.

ఇక మన ఇంటి సాక్ష్యం. వైరా నీరు మున్నేరులో కలిసి కృష్ణకు పోతుంది. మనకు ఈశాన్యాన ఉన్న భద్రాచలం అడవుల నీరు గోదావరికి చేరుతుంది. గోదావరి పరీవాహక ప్రాంతపు ఆకుల మీది మైనం వేల ఏళ్లుగా బురదతోపాటు బంగాళాఖాతం అడుగున చేరుతూ వచ్చింది. చెట్ల మైనంలో కార్బన్ ఒక తీరు, ఎండను తట్టుకునే గడ్డిమొక్కల మైనంలో మరో తీరు. గోదావరి ముఖద్వారం ఎదుట తీసిన బురదను పరీక్షించిన శాస్త్రజ్ఞులు 2012లో తమ ఫలితాలు ప్రకటించారు. సుమారు 4,000 ఏళ్ల క్రితం మొదలై 1,700 ఏళ్ల క్రితం వరకు ఈ ప్రాంతం అంచెలంచెలుగా ఎండిపోతూ వచ్చిందట. అయినా ఆ కాలంలోనే దక్కనులో స్థిరవ్యవసాయం వేళ్లూనుకొంది.

కాబట్టి ఆ పెద్దాయనకు మా జవాబు ఇది: రెండు విధాలా మారుతుంది. గ్రీన్‌లాండ్‌లో హఠాత్తుగా, గోదావరి తీరాన మెల్లగా మారింది. నేటి తేడా ఏమిటంటే, అప్పుడు మనిషి ప్రమేయం లేదు. పరిశ్రమలకు ముందు గాలిలో పదిలక్షల భాగాలకు సుమారు 280గా ఉన్న బొగ్గుపులుసు వాయువు ఇప్పుడు 420 దాటింది. అట్లాంటిక్ ప్రవాహం ఈ శతాబ్దంలో మందగించడం దాదాపు తథ్యమని 2021లో అంతర్జాతీయ వాతావరణ మార్పుల సంఘం నివేదించింది. 2100లోపు అది హఠాత్తుగా కూలిపోదని ఒక మోస్తరు విశ్వాసంతో మాత్రమే చెప్పింది. ఒక మోస్తరు విశ్వాసంతో ఎవరైనా పైరు వేస్తారా?

2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటింది. 2024 సెప్టెంబరు ఆరంభంలో మున్నేరు పొంగి ఖమ్మం కాలనీలు మునిగాయి. ఏ ఒక్క వరదనూ చూపి 'ఇదే ఆ మార్పు' అనడం తొందరపాటు. ఒక ఏటి వాన వేరు, వేల ఏళ్ల తీరు వేరు. కానీ నిజాం కాలంలో వైరా చెరువు కట్టినవారు ఆనాటి వానల లెక్కనే నమ్ముకున్నారు. దాదాపు 17 వేల ఎకరాల ఆయకట్టు ఆ లెక్కమీదే ఆధారపడింది. లెక్క తప్పితే మొదట ఎండేది, మొదట మునిగేది పేదవాడి పొలమే.

మరి మనం చేయగలిగినదేమిటి? వాగుల ఒడ్లు ఆక్రమించకుండా ఉండగలం. చెరువు పూడిక తీయించమని అడగగలం. నీరు తక్కువ తాగే పంటలకు కొంత చోటివ్వగలం. పిల్లల చేత బడిలో రోజూ వాన కొలిపించి రాయించగలం. గోదావరి వేల ఏళ్ల లెక్కను బురదలో రాసి దాచింది. కనీసం మన కాలపు లెక్కనైనా మనం కాగితం మీద రాసి ఉంచకపోతే ఎలా?