మన ఊరు రేసు ట్రాక్ అయితే

సూర్యాపేటలో ఎవరినైనా దారి అడగండి. “కట్ట మీదికెల్లి సీదా పోండి సారూ, గుడి కాడ ఎడమ చేతికి తిరగండి” అంటారు. ఎన్ని మీటర్లు పోవాలో చెప్పరు, ఏం కనబడితే తిరగాలో చెబుతారు. ఊరు మన మనసులో ఉండే తీరే అది. అమెరికా నగర ప్రణాళికా నిపుణుడు కెవిన్ లించ్ 1960లో అచ్చయిన తన పుస్తకంలో ఈ తీరును ఐదు ముక్కలుగా విడదీశాడు: దారులు, అంచులు, పేటలు, కూడళ్లు, ఆనవాళ్లు. ఆయన లెక్కలో చెరువు కట్ట ఒక అంచు, గుడి ఒక ఆనవాలు.

మన పిల్లలు ఫోన్లలో ఆడే కార్ట్ రేసు ఆటల్లో నగరాల పేరుతో ఉన్న ట్రాకులను గమనిస్తే ఈ ఐదూ కనిపిస్తాయి. నింటెండో 2019 సెప్టెంబరులో ఫోన్ల కోసం విడుదల చేసిన మారియో కార్ట్ టూర్‌లో న్యూయార్క్, టోక్యో, పారిస్, లండన్ వంటి నగరాలు ట్రాకులయ్యాయి. పారిస్ వీధులన్నీ అందులో లేవు. ఈఫిల్ టవర్ ఉంది, విజయ తోరణం ఉంది. ఆటగాడికి అది పారిస్ అని తెలియడానికి ఆ రెండూ చాలు.

ముగ్గు నుంచి మేడల దాకా

ఈ ఆటలకు దారి వేసిన సూపర్ మారియో కార్ట్ 1992లో వచ్చింది. అప్పటి యంత్రానికి నేల మీద పరిచిన ఒక బొమ్మను తిప్పడం, పెంచడం, తగ్గించడం మాత్రమే వచ్చు. అరుగు మీద కూర్చుని వాకిట్లో ముగ్గును ఏటవాలుగా చూసినట్టు ఉండేది ఆ ట్రాక్. దగ్గరి గీతలు పెద్దగా, దూరపు గీతలు చిన్నగా కనిపించేవి. దారి మాత్రం పూర్తిగా చదును. ఎత్తు లేనిచోట మేడలు, వంతెనలు ఎలా నిలుస్తాయి? 1996లో మారియో కార్ట్ 64తో ఎత్తుపల్లాలున్న ట్రాకులు వచ్చాయి. నగరానికి చోటు దొరికింది ఆ తర్వాతే.

40 కిలోమీటర్లు, 40 సెకన్లు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడు ఊళ్లనూ కలిపి ఒక ట్రాక్ గీయాలనుకుందాం. 65వ నంబరు జాతీయ రహదారి మీద సూర్యాపేట నుంచి కోదాడకు 40 కిలోమీటర్లకు పైనే ఉంటుంది. ఆటలో ఒక చుట్టు సుమారు 40 సెకన్లు. ఆ దూరాన్ని ఆ సమయంలో దాటాలంటే సెకనుకో కిలోమీటరు, అంటే గంటకు 3,600 కిలోమీటర్ల వేగం కావాలి. కాబట్టి పటాన్ని తెచ్చి తెర మీద అతికిస్తే ట్రాక్ కాదు. ఏది ఉంచాలో, ఏది వదలాలో ఎంచుకోవాలి.

సూర్యాపేటలో సద్దుల చెరువు కట్ట మీద మొదలు పెట్టొచ్చు. ఒక పక్క నీళ్లు, ఒక పక్క ఊరు ఉంటాయి గనుక ఎటు పోతున్నామో కన్ను మరిచిపోదు. అక్కడి నుంచి కాకతీయుల కాలం నాటి పిల్లలమర్రి ఆలయాల నల్లరాతి స్తంభాల పక్కగా మలుపు. కోదాడ సహజంగానే కూడలి. జడ్చర్ల నుంచి మిర్యాలగూడ మీదుగా వచ్చే 167వ నంబరు రహదారి 65ను కలిసేది అక్కడే. మిర్యాలగూడ పేటంతా రైసు మిల్లులది. పొగగొట్టం, ఆకాశంలోకి లేచిన ఎలివేటర్ గూడు, గేటు ముందు వడ్ల ట్రాక్టర్ల వరస, గాలికి లేచే ఊక. ఈ నాలుగు చూపిస్తే ఊరి పేరు రాయనక్కర్లేదు. సాగర్ ఎడమ కాలువ నీటితో పండిన వడ్లు ఆ ఊరికి ఇచ్చిన రూపం అది.

మలుపులో ఏం జరుగుతుంది?

మలుపు తిరగాలంటే బండిని లోపలికి లాగే బలం కావాలి. ఆ బలాన్ని ఇచ్చేది టైరుకూ రోడ్డుకూ మధ్య రాపిడి. వేగం రెట్టింపయితే కావలసిన బలం నాలుగు రెట్లవుతుంది. 30 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపును 30 కిలోమీటర్ల వేగంతో తిరిగితే కావలసిన త్వరణం సెకను వర్గానికి సుమారు 2.3 మీటర్లు. అదే 60తో అయితే 9.3. మామూలు టైరు పొడి తారు రోడ్డు మీద ఇవ్వగలిగేది 7, 8 దగ్గరే ఆగిపోతుంది. ఆ పైన బండి జారుతుంది.

నిజమైన రోడ్డు మీద జారడమంటే పట్టు పోవడం, ప్రాణానికి ముప్పు. కార్ట్ ఆటలో రాపిడి ఒక అంకె మాత్రమే, రూపకర్త దాన్ని మార్చుకోవచ్చు. మారియో కార్ట్‌లో మలుపు దగ్గర డ్రిఫ్ట్ మీట నొక్కి పట్టుకుంటే చక్రాల కింద నిప్పురవ్వలు లేస్తాయి. కాసేపటికి వాటి రంగు మారుతుంది. వేలు తీయగానే కార్ట్ ముందుకు దూకుతుంది. లోకంలో శిక్ష పడే చోట ఆట బహుమతి ఇస్తుంది. ఆ లెక్క తెర దాటి 65వ రహదారి మీదికి రాకూడదని పిల్లలకు మనమే చెప్పాలి, కారణంతో సహా.

కనిపించని గోడలు

తెర మీద బొమ్మ సాధారణంగా సెకనుకు 60 సార్లు మారుతుంది. 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న కార్ట్ ఒక బొమ్మకూ తర్వాతి బొమ్మకూ మధ్య 28 సెంటీమీటర్లు కదులుతుంది. గోడ అంతకంటే పలచగా ఉంటే, కార్ట్ ఒక బొమ్మలో ఇవతల ఉండి మరు బొమ్మలో అవతల తేలవచ్చు! అందుకే తగిలే గోడను కనిపించే గోడకంటే మందంగా కడతారు, లేదా మధ్య దారిని కూడా లెక్కగట్టి చూస్తారు. మిల్లు గోడ కంటికి ఇటుక ఇటుకగా కనిపించినా, ఢీకొనే లెక్కకు అది ఒక నున్నని పెట్టె. దారికి అడ్డంగా కనబడని గీతలూ ఉంటాయి. వాటిని వరసగా దాటితేనే చుట్టు పూర్తయినట్టు. పొలాలకు అడ్డంపడి కోదాడ వదిలేసి మిర్యాలగూడ చేరితే చెల్లదు.

హైదరాబాద్ నేర్పిన పాఠం

ఊరు నిజంగానే ట్రాక్ అయిన రోజు మన దగ్గర ఉంది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున దేశంలో మొదటి ఫార్ములా-ఇ విద్యుత్ కార్ల పందెం జరిగింది. 2.83 కిలోమీటర్లు, 18 మలుపులు. ఫ్రాన్స్‌కు చెందిన జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. రోజూ బస్సులు తిరిగే రోడ్లే అవి. కాంక్రీటు అడ్డుగోడలు, కంచెలు నిలబెట్టి, ఏ దారి మూయాలో ఏది తెరవాలో నిర్ణయిస్తే ట్రాకయ్యాయి. అక్కడా ఎంపికే పని చేసింది, చెరువే అంచయింది.

మన పిల్లలు టోక్యోలో, పారిస్‌లో రేసు ఆడుతున్నారు. వాళ్ల ఊరి మీద ట్రాక్ వాళ్లే గీయడానికి సాధనాలున్నాయి. సూపర్ టక్స్ కార్ట్ అనే ఉచిత ఆటకు బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఎవరైనా ట్రాక్ తయారు చేయొచ్చు. రోడ్ల వంపులు ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో దొరుకుతాయి. ఏ పటంలోనూ దొరకనిది ఒకటే: ఊరివాళ్లు దేన్ని చూసి దారి చెబుతారన్నది. దాని కోసం కంప్యూటర్ తెరవకముందే నోటుపుస్తకం పట్టుకుని బజారులోకి వెళ్లాలి. పది మందిని దారి అడిగి, వాళ్ల నోట వచ్చిన ప్రతి చెట్టునూ, గుడినీ, మిల్లునూ రాసుకోవాలి. ఎక్కువమంది చెప్పిన వాటిని వరసగా కలిపి చూడండి. అదే ట్రాక్.