వడ్రంగిపిట్ట కాదు, కూకుడు గువ్వ

తమ్ముళ్లూ, మైదానంలో నేల పొడుస్తూ తిరిగే కుచ్చు పిట్టను మనం వడ్రంగిపిట్ట అంటాం. నిజానికి అది కూకుడు గువ్వ. వడ్రంగిపిట్ట చెట్టు మానును తొలుస్తుంది. ఇది పొడవాటి వంపు ముక్కుతో నేలలోని పురుగులను ఏరుకుంటుంది. ఒళ్లు లేత నారింజ రంగు, రెక్కలపై నలుపు తెలుపు చారలు. వాలినప్పుడూ బెదిరినప్పుడూ కుచ్చును విసనకర్రలా విప్పుతుంది. చెట్టు తొర్రల్లో, గోడ కన్నాల్లో గుడ్లు పెడుతుంది.

నేను ఏడో తరగతిలో ఉండగా, గోడలోని గూడు కంపు కొడుతోందని రాళ్లు కుక్కి మూసేశాం. ఆ కంపు ఉత్త మురికి కాదని పీజీలో చదివాను. పొదిగే తల్లి తోక మొదట్లోని గ్రంథి నుంచి వచ్చే ద్రవాన్ని గుడ్లకు పూస్తుంది. అది హానికర సూక్ష్మజీవుల నుంచి గుడ్లను కాపాడుతుంది. పిల్లలు ఎగిరే నాటికి ఆ ద్రవం ఆగిపోతుంది.

అలాంటి కన్నం కనిపిస్తే మీరు మూయకండి.