బండికీ ఆయాసం వస్తుంది!

'అమ్మా, ఫ్రెండ్సంతా కలిసి బైకుల మీద లద్దాఖ్ వెళ్తున్నాం' అని కొడుకు చెప్పగానే ఇంట్లో అడిగేవన్నీ స్వెటర్లూ మందులూ తిండి గురించే. బండి సంగతి ఎవరికీ పట్టదు. 'మొన్ననే సర్వీసింగ్ చేయించాడుగా' అనుకుంటారు. కానీ ఆ కొండల్లో మనిషికొచ్చే ఆయాసమే బండికీ వస్తుంది. కారణమూ ఒక్కటే... గాలి చాలకపోవడం.

హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 1,800 అడుగుల ఎత్తులో ఉంది. లేహ్ పట్టణమే 11,500 అడుగులు. అక్కణ్నుంచి సుమారు 40 కి.మీ. ఎక్కితే వచ్చే ఖర్దుంగ్ లా కనుమ ఇంచుమించు 17,600 అడుగులు. (చాలాకాలం అక్కడి బోర్డు మీద 18,380 అని ఉండేది. ఫొటోలన్నీ దాని పక్కనే. తర్వాతి కొలతల్లో ఎత్తు తక్కువని తేలినా దానితో ఫొటో దిగే మోజు మాత్రం తగ్గలేదు!) అక్కడ గాలి పీడనం సముద్రతీరంలో ఉన్నదాంట్లో దాదాపు సగం. అంటే ఇంజిన్ ఒక్కో గుక్కలో పీల్చే ఆక్సిజన్ కూడా సగమే.

కార్బురేటర్‌తో నడిచే పాత బుల్లెట్లకు ఇదే పెద్ద చిక్కు. గాలి పలచబడుతుంది కానీ పెట్రోలు ఆ మేరకు తగ్గదు. పొయ్యి నిండా కట్టెలు కుక్కి గాలి తగలనివ్వకపోతే పొగే కదా మిగిలేది! ఇక్కడా అంతే. సైలెన్సర్‌లోంచి నల్లటి పొగ, ప్లగ్గుకు మసి, యాక్సిలరేటర్ ఎంత తిప్పినా ముందుకు సాగని బండి. మైలేజీ గురించి చెప్పక్కర్లేదు. ఇంజిన్ పాడైందని హడలిపోతారు కానీ దానికేమీ కాదు. పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రమున్న చిన్న ఇత్తడి ముక్క ఒకటి కార్బురేటర్లో ఉంటుంది. దాన్ని మెయిన్ జెట్ అంటారు. ఒకటి రెండు సైజులు చిన్నది వేస్తే బండి మళ్లీ ఊపిరి తీసుకుంటుంది.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. జెట్ మార్చడం గుర్తున్నంతగా తిరిగి పాతది వేయడం గుర్తుండదు. చిన్న జెట్‌తోనే కొండ దిగి మైదానాల ఎండల్లో వేగంగా నడిపితే, చిక్కటి గాలికి పెట్రోలు చాలక ఇంజిన్ విపరీతంగా వేడెక్కుతుంది. పిస్టన్ పట్టేసినా పట్టేయొచ్చు. ఊళ్లోనే జెట్ మార్పించుకుని బయల్దేరినా ఇదే గొడవ. మార్చాల్సిందేదో పైకి చేరాకే మార్చుకోవాలి, పాత జెట్‌ను పోగొట్టుకోకుండా దాచుకోవాలి. చాలామంది దాని జోలికే పోరు. ఎయిర్ స్క్రూను కాస్త సవరించుకుని నెమ్మదిగా ఎక్కేస్తారు. 'ఎయిర్ ఫిల్టర్ పీకేస్తే గాలి బాగా ఆడుతుంది' అని సలహా ఇచ్చేవాళ్లూ ఉంటారు. అస్సలు వినకూడదు. మనాలి-లేహ్ దారిలో రేగే దుమ్మంతా నేరుగా సిలిండర్లోకి పోతుంది.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్త బళ్లు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌వే. సెన్సర్ గాలి పీడనాన్ని చూసి పెట్రోలు తగ్గిస్తుంది కాబట్టి వీటికి పొగ బాధ లేదు. అలాగని లేని గాలిని ఏ కంప్యూటరూ పుట్టించలేదుగా! శక్తి తగ్గడం మాత్రం ఖాయం. వెనక మనిషి, రెండువైపులా సంచులు, పైన టెంటు... ఇంత బరువుతో హాఫ్ క్లచ్ మీద ఎక్కిస్తే క్లచ్ ప్లేట్లు మాడిపోతాయి. అరిగినవాటిని ముందే మార్పించడం, ఇంట్లో సగం సామాను దింపేయడం మంచిది. క్లచ్ కేబుల్ కొత్తదొకటి తెచ్చి పాతదాని పక్కనే బిగించి ఉంచితే, తెగినప్పుడు చివర్లు మార్చుకుంటే సరి. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నప్పుడు ఆ సుఖం తెలుస్తుంది.

సికింద్రాబాద్‌లో రైల్లో పార్శిల్ వేసి దిల్లీలో దించుకునేవాళ్లు ట్యాంకు ఖాళీ చేయాలి. దిగాక నింపుకోవచ్చు. అసలు లెక్క మనాలి దాటాకే. దారిలో టాండి బంకు దగ్గర 'తర్వాతి బంకు 365 కి.మీ.' అన్న బోర్డు బైకర్లలో చాలా ప్రసిద్ధి. పల్లంలో ఇచ్చే మైలేజీని నమ్ముకుని లెక్కలేయకుండా అయిదు లీటర్లు విడిగా పెట్టుకోవడమే క్షేమం... అదీ సైలెన్సర్‌కు దూరంగా.

టైర్ల సంగతి తమాషాగా ఉంటుంది. బయటి పీడనం తగ్గడంతో పైకెక్కేకొద్దీ గేజ్‌లో రీడింగ్ పెరగాలి. చలి దాన్ని తగ్గిస్తుంది. అందుకే పొద్దున్నే బండి తీయకముందు చూసుకోవాలి. వాగులు దాటడానికీ పొద్దుటి పూటే మేలు. మధ్యాహ్నానికి మంచు కరిగి నీళ్లు పెరుగుతాయి.

బ్రేకులను మాత్రం అందరూ ఆఖర్న గుర్తు చేసుకుంటారు. ఎక్కేటప్పుడు వాటితో పనుండదు మరి. గంటలకొద్దీ దిగేటప్పుడే తెలుస్తుంది. బయల్దేరే ముందే బ్రేక్ షూలు, ప్యాడ్లు చూపించి, డిస్క్ బ్రేకులుంటే ఆయిల్ మార్పించాలి. పెట్రోలు ఆదా అవుతుందని ఇంజిన్ ఆపేసి, న్యూట్రల్‌లో దింపే అలవాటుంటే దాన్ని ఇంటి దగ్గరే వదిలి వెళ్లాలి.