జర్మన్ నేర్చుకుంటున్నారా? తెలుగునే తోడు తెచ్చుకోండి!

‘మాస్టర్స్ ఇంగ్లిష్‌లోనే కదా, జర్మన్ ఎందుకులే’ అనుకుని విమానం ఎక్కేవాళ్లు ఎక్కువే. క్లాసు వరకూ ఓకే. గది అద్దెకు కావాలన్నా, పార్ట్‌టైమ్ పని వెతుక్కోవాలన్నా, ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరం అర్థం కావాలన్నా జర్మనే దిక్కు. నర్సు ఉద్యోగానికైతే సాధారణంగా బీ2 స్థాయి అడుగుతారు.

మొదట భయపెట్టేది డెర్, డీ, డాస్. ప్రతి నామవాచకానికీ ఓ లింగం ఉంటుంది. ‘మేడ్‌షెన్’ అంటే అమ్మాయి, కానీ అది నపుంసక లింగం! నవ్వకండి. ‘అమ్మాయి వచ్చింది’, ‘బస్సు వచ్చింది’... మనకూ క్రియ ఒకటేగా. అసలు కారణం చివరనున్న ‘షెన్’. అది చేరితే ఏ మాటైనా నపుంసకమే. ‘ఉంగ్’తో ముగిసే నామవాచకాలు దాదాపు అన్నీ స్త్రీలింగం. ఇలాంటి గుర్తులు అన్నిటికీ ఉండవు. అందుకే ‘బూఖ్’ అని కాదు, ‘డాస్ బూఖ్’ అని జంటగానే బట్టీ పట్టండి.

వాక్యం దగ్గర మనకో లాభం ఉంది. ‘వైల్’ (ఎందుకంటే) వచ్చిందంటే క్రియ చివరికి పోతుంది. ‘వైల్ ఇష్ మ్యూడె బిన్’... ఎందుకంటే నేను అలసిపోయి ఉన్నాను. ‘ఉన్నాను’ ఎక్కడుందో ‘బిన్’ అక్కడే! ఇంగ్లిష్ మీదుగా వెళ్తే ఇక్కడే తడబడతాం. మామూలు వాక్యంలో మాత్రం క్రియది రెండో స్థానం, అది మర్చిపోవద్దు.

జెడ్ అక్షరాన్ని మన ‘చాప’లోని ‘చ’లా పలకాలి. రైలు అంటే ‘త్సూక్’. చివర్లో ‘ఉ’ తగిలించి ‘త్సూకు’ చేయకండి, మన నాలుకకు అదో అలవాటు.

యాప్‌లో 200 రోజుల స్ట్రీక్ ఉండి, బేకరీలో రొట్టె అడగలేకపోతే ఏం లాభం? డాయిష్ వెల్లె వారి ‘నీకోస్ వేగ్’ వీడియో కోర్సు ఏ1 నుంచి బీ1 దాకా ఫ్రీ. వాళ్లవే నెమ్మదిగా చదివే వార్తలూ ఉన్నాయి. పది నిమిషాలు వినండి, టెక్స్ట్ చూస్తూ పైకి చదవండి, ఫోన్లో రికార్డు చేసి పోల్చుకోండి. మీ గొంతు మీకే నచ్చదు, అయినా చేయండి.

గోథె బీ1 పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం... నాలుగింట్లోనూ విడివిడిగా 100కు 60 రావాలి. ఒకదాంట్లో 95 వచ్చినా ఇంకోదాన్ని ఆదుకోదు. పోయిన భాగం ఒక్కటే మళ్లీ రాయొచ్చు కానీ దానికీ ఫీజు కట్టాలి. అందరూ వాయిదా వేసేది రాయడాన్నే. 60 నిమిషాల్లో మూడు ప్రశ్నలు. డేట్ బుక్ చేసేముందే ఓ ఆదివారం గడియారం పెట్టుకుని నమూనా పేపరు రాసి చూడండి. గోథె సైట్‌లో ఉచితంగానే దొరుకుతుంది.