టీచర్లు బ్లాగు ఎందుకు రాయాలి? అశోక్ నగర్ జిరాక్స్ నోట్స్ చెప్పే పాఠం

గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్న నా ఫ్రెండ్ ఒకడు చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో చదువుకుంటాడు. మొన్న కలిసినప్పుడు అశోక్ నగర్‌లో కొన్న జిరాక్స్ నోట్స్ చూపించాడు. అందులో తెలంగాణ జిల్లాలు 31 అని ఉంది. 2014లో రాష్ట్రం వచ్చినప్పుడు 10 జిల్లాలు. 2016 అక్టోబర్ 11న 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరి 17న ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. అంటే ఆ నోట్స్ చెప్పిన సార్ తప్పు చెప్పి ఉండకపోవచ్చు. చెప్పిన రోజుకి అదే కరెక్ట్. కానీ జిరాక్స్ మీద తేదీ లేదు, సార్ పేరు లేదు.

వాడు పెన్నుతో 31 కొట్టేసి 33 రాసుకున్నాడు. అదే జిరాక్స్ కొన్న మిగతావాళ్ల సంగతేంటి?

బ్లాగులో అయితే సార్ ఒక్కచోట దిద్దితే చాలు, లింక్ తెరిచిన ప్రతి ఒక్కరికీ కొత్తదే కనిపిస్తుంది. ఈ పనికి ఖరీదైన ల్యాప్‌టాప్ అక్కర్లేదు, ఇప్పుడు చేతిలో ఉన్న ఫోన్ సరిపోతుంది.

ఫొటో కాదు, అక్షరాలు పెట్టాలి

చాలామంది సార్లు బోర్డు ఫొటో తీసి వాట్సాప్ గ్రూప్‌లో పడేస్తారు. వారం తర్వాత అది ఎక్కడుందో వెతకలేం. సైజు కూడా చూడండి. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు యూనికోడ్ సంకేతానికి 3 బైట్లు. పేజీకి 1,500 సంకేతాలు అనుకుంటే మొత్తం 4.5 కేబీ. అదే పేజీ ఫొటో 2 ఎంబీ ఉంటే, టెక్స్ట్ కంటే నాలుగు వందల రెట్లకు పైనే. డేటా లెక్కపెట్టుకుంటూ వాడే హాస్టల్ కుర్రాడికి ఇది పెద్ద తేడా.

టైపింగ్ కష్టమైతే జీబోర్డ్‌లో తెలుగు వాయిస్ టైపింగ్ ఉంది. క్లాసులో చెప్పినట్టే చెప్పి, తర్వాత తప్పులు దిద్దుకోవచ్చు. పాత మెటీరియల్ అను ఫాంట్‌లో ఉంటే మాత్రం నేరుగా కాపీ చేయొద్దు. ఆ ఫాంట్ ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల కోడ్‌లకే తెలుగు ఆకారాలు తొడుగుతుంది. వెబ్‌లో పెడితే పిచ్చి గీతల్లా కనిపిస్తుంది, సెర్చ్‌కీ దొరకదు. ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

లింక్ దగ్గర చిన్న జాగ్రత్త

బ్లాగర్ ఉచితం, మొదలుపెట్టడానికి గూగుల్ అకౌంట్ చాలు. అయితే తెలుగు టైటిల్ ఇస్తే లింక్ చివర ఏ అర్థమూ లేని ‘బ్లాగ్-పోస్ట్’ అని వస్తుంది. పబ్లిష్ చేసేముందు పర్మాలింక్‌లో కస్టమ్ ఎంచుకుని, టాపిక్ పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో ఇవ్వండి. ఏడాది తర్వాత కూడా లింక్ చూడగానే ఏ పాఠమో తెలుస్తుంది. అప్పుడప్పుడూ సెట్టింగ్స్‌లోకి వెళ్లి బ్యాకప్ తీసుకోవడం మర్చిపోవద్దు.

ఫ్రీగా పెడితే క్లాసుకి ఎవరొస్తారు?

నారాయణగూడలో ట్యూషన్ చెప్పే ఎవరికైనా మొదట వచ్చే భయం ఇదే. భయం న్యాయమైనదే. అందుకే సిలబస్ మొత్తం పెట్టమని నేను చెప్పను. ఒక పోస్టుకి ఒక్క డౌటు చాలు. క్లాసులో నలుగురు అడిగిన ప్రశ్న తీసుకుని, ఎక్కడ తికమకపడుతున్నారో రాసి, ఒక ఉదాహరణతో విప్పి చెప్పండి. చివర్లో ‘ఫలానా తేదీన సవరించాను’ అని ఒక లైను. నోట్స్ ఎలాగూ జిరాక్స్ సెంటర్లో దొరుకుతున్నాయి. పిల్లలు క్లాసుకి వచ్చేది సార్ విడమరిచి చెప్పే తీరు కోసం. ఆ తీరు ముందే రుచి చూపించేది బ్లాగే.

రాయడం వల్ల టీచర్‌కి ఇంకో లాభం ఉంది. నోటితో చెప్పేటప్పుడు దాటేసిన మెట్టు, రాసేటప్పుడు అడ్డం తగులుతుంది. కింద వచ్చే కామెంట్లు చూస్తే మరుసటి క్లాసులో ఎక్కడ ఆగాలో తెలుస్తుంది. రేపు వేరే కాలేజీకి ఇంటర్వ్యూకి వెళ్తే, రెజ్యూమెలో ‘పదేళ్ల అనుభవం’ అనే ఒక్క ముక్కకి బదులు యాభై పాఠాల లింక్ ఇవ్వొచ్చు.

ఇవి మాత్రం చేయొద్దు

పిల్లల ఫొటోలు, మార్కులు, పేర్లు పెట్టొద్దు. ఇంకొకరి పుస్తకం స్కాన్ చేసి పెట్టొద్దు. ఇన్‌స్టిట్యూట్‌లో ఉద్యోగంలో భాగంగా తయారుచేసిన మెటీరియల్ మీద హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, 1957 కాపీరైట్ చట్టం ప్రకారం యాజమాన్యానిదే. కాబట్టి బ్లాగుకి విడిగా, సొంతంగా రాసుకోవడం మేలు.

మీకు పాఠం చెప్పిన సార్ లేదా మేడమ్ ఎవరైనా గుర్తొస్తే, ఒక ఆదివారం వెళ్లి వాళ్ల ఫోన్‌లో బ్లాగు తెరిచి, మొదటి పోస్టు దగ్గరుండి పెట్టించండి. సెటప్ మనకి గంట పని. వాళ్లు దిద్దే ఒక్క అంకె ఎవరికో ఒక మార్కు కావచ్చు.