కంటెయినర్ కదలదు... మీటరు ఆగదు!
- ఓ సైట్ సూపర్‌వైజర్, దుబాయ్

పోర్టులో కంటెయినర్ ఆగిపోతే మనకేంటి, కంపెనీ చూసుకుంటుందిలే అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నా. 2022లో ఆ బిల్లు నా జీతం మీదికి, మా కుర్రాళ్ల ఓవర్‌టైమ్ మీదికి వచ్చేదాకా!

అసలు జరిగిందేమిటి?
అప్పుడు మా సైట్‌కు టైల్స్ రావాలి. నాలుగు ఇరవై అడుగుల కంటెయినర్లు. ఏప్రిల్ 14న జెబెల్ అలీలో ఓడ నుంచి దిగాయి. మా బుకింగ్ ప్రకారం పోర్టులో ఏడు రోజులు ఫ్రీ. అంటే 20వ తేదీ దాకా ఒక్క దిర్హమ్ కట్టక్కర్లేదు.

కానీ బ్యాంకులో డబ్బు కడితేగానీ ఒరిజినల్ బిల్ ఆఫ్ లేడింగ్ చేతికి రాదు. అది చూపిస్తేనే షిప్పింగ్ లైన్ డెలివరీ ఆర్డర్ ఇస్తుంది. ఆ ఆర్డర్ ఉండి, కస్టమ్స్ పని పూర్తయితేనే పోర్టు గేటు తెరుచుకుంటుంది. మా ఆఫీసు వాళ్లు 25న డబ్బు కట్టారు. కంటెయినర్లు సైట్‌కు వచ్చింది 27న.

మర్నాడు ఇఫ్తార్ అయ్యాక పన్నెండు మందిమి దిగాం. ఉపవాసం ఉన్న నిజామాబాద్ కుర్రాళ్లు ఇద్దరు కూడా భుజం కలిపారు. తెల్లారేలోపు నాలుగూ ఖాళీ. వెంటనే ట్రైలర్ పంపమని ఆఫీసుకు మెసేజ్ పెట్టా. ఈద్ సెలవులొచ్చాయి. ట్రైలర్లు వచ్చింది మే 5న. బయటకు తెచ్చాక అయిదు రోజుల్లో ఖాళీ కంటెయినర్ తిరిగి ఇవ్వాలి. ఆ గడువు మే 1తోనే తీరిపోయింది.

నెల తిరగ్గానే బిల్లొచ్చింది. "ఎనిమిది రోజులు నీ యార్డులోనే ఉన్నాయి కదా, నీదే బాధ్యత" అన్నారు. నా జీతంలో నెలకు వెయ్యి దిర్హమ్‌లు కోస్తామన్నారు. ఆ రాత్రి పనిచేసిన వాళ్ల ఓవర్‌టైమ్ కూడా ఆపేశారు.

మీటర్లు రెండు
ఈ లెక్క మన ఊరి పెళ్లితో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. ఫంక్షన్ హాల్ టైముకి ఖాళీ చేయకపోతే ఎక్స్‌ట్రా అద్దె వేస్తారు. అది డెమరేజ్... అంటే సరుకున్న కంటెయినర్‌ను గడువులోగా పోర్టు నుంచి తీసుకెళ్లకపోతే పడేది. పెళ్లయ్యాక టెంట్ హౌస్ వాడి గంగాళాలు తిరిగి ఇవ్వకపోతే దానికీ అద్దె నడుస్తుంది. అది డిటెన్షన్... అంటే బయటకు తెచ్చిన కంటెయినర్‌ను ఆలస్యంగా తిరిగి ఇస్తే పడేది. ఇవి కాక పోర్టు వాళ్లు తమ జాగాకు వేరే స్టోరేజీ చార్జీ వేస్తారు.

వీటి రేటు రోజులు పెరిగేకొద్దీ పెరుగుతుంది. మొదటి కొన్ని రోజులకు ఒక స్లాబు, ఆ తర్వాత అంతకన్నా పెద్ద స్లాబు. చాలా చోట్ల పండుగ సెలవులు కూడా లెక్కలోకే వస్తాయి. ఒక్కో కంటెయినర్‌కు విడిగా మీటరు తిరుగుతుంది.

మా కేసులో పోర్టులో ఏడు రోజులు, బయట నాలుగు రోజులు లేటు. పదకొండు రోజులు, నాలుగు కంటెయినర్లు... అంటే 44 రోజుల చార్జీ! అందులో మేం సరుకు దింపడానికి వాడుకున్నది గడువు లోపలి రెండు రోజులే.

నా దగ్గర ఉన్నదల్లా సైట్ డైరీ, గేటు స్లిప్పులు, ఖాళీ కంటెయినర్ల ఫొటోలు, ఫోన్‌లో ఆ మెసేజ్. అన్నీ తేదీల వారీగా ఒక కాగితం మీద రాసి మేనేజరు ముందు పెట్టా. ఆయన అయిదు నిమిషాలు చూశాడు, ఏమీ మాట్లాడలేదు. జీతం కోత ఆగింది.

అమెరికాలోనూ ఇదే గోల
కరోనా కాలంలో 2021లో లాస్ ఏంజెలిస్, లాంగ్ బీచ్ పోర్టుల్లో కంటెయినర్లు గుట్టలు పడ్డాయి. గడువు దాటితే రోజుకు 100 డాలర్లు, ఆపై రోజురోజుకూ మరో 100 పెంచుతూ షిప్పింగ్ లైన్ల దగ్గర వసూలు చేస్తామని ఆ పోర్టులు అక్టోబరులో ప్రకటించాయి. అది వాయిదాల మీద వాయిదాలు పడి, వసూలు కాకుండానే 2023 జనవరిలో రద్దయింది.

కానీ 2022 జూన్‌లో అక్కడ ఓ చట్టం వచ్చింది. బిల్లులో తేదీలు, ఫ్రీ రోజులు వంటి వివరాలు లేకపోతే ఆ చార్జీ కట్టక్కర్లేదు. 2024 మేలో అమలైన రూలు ప్రకారం చార్జీ ఆగిన 30 రోజుల్లోగా బిల్లు పంపాలి, దాన్ని ప్రశ్నించడానికి కనీసం మరో 30 రోజులు ఇవ్వాలి. ఆ రూలు గల్ఫ్‌లో చెల్లదు. అయినా కిటుకు ఒకటే... తేదీలు ఎవరి దగ్గరుంటే మాట వాళ్లదే.

ఇంటికి పంపే కార్గో సంగతి
ఇది సైట్‌తో పోయేది కాదు. మనం సీ కార్గోలో పంపే అట్టపెట్టె ఒంటరిగా వెళ్లదు. ఎంతోమంది పెట్టెలు ఒకే కంటెయినర్‌లో వెళ్తాయి. ఒక్కడు లిస్టులో రాయకుండా టీవీయో మందులో దాచితే, కస్టమ్స్ వాళ్లు మొత్తం కంటెయినర్‌నే ఆపొచ్చు. మీటరు అందరి నెత్తినా తిరుగుతుంది. తర్వాత "ఇంకొంత కట్టండి" అంటూ ఊళ్లో ఇంటావిడకు ఫోనొస్తుంది.

మన దేశంలో 1962 నాటి కస్టమ్స్ చట్టం 48వ సెక్షన్ ప్రకారం, దిగిన 30 రోజుల్లోగా విడిపించని సరుకును నోటీసు ఇచ్చి, కస్టమ్స్ అనుమతితో అమ్మేయొచ్చు. పిల్లల కోసం కొన్న బొమ్మలైనా, చెల్లెలి పెళ్లికి కొన్న మిక్సీ అయినా అంతే.

అందుకే అన్నలారా, తమ్ముళ్లారా... కార్గో వాడికి డబ్బిచ్చే ముందు పోర్టులో లేటయితే ఎవరు కట్టాలో రసీదు మీద రాయించుకోండి. పెట్టెలో ఉన్నదంతా లిస్టులో రాయండి. పక్కవాడి సామాను మీ పేరు మీద వేయకండి. ఎక్కువ అడిగితే ఏ తేదీ నుంచి ఏ తేదీకో బిల్లు చూపించమనండి. సైట్‌లో ఉన్నవాళ్లు లారీ వచ్చిన టైము, ఖాళీ అయిన టైము చిన్న పుస్తకంలో రాసుకోండి.

మా వాళ్ల ఓవర్‌టైమ్ కోసం ఇంకో నెల తిరగాల్సొచ్చింది. జూలై జీతంతో కలిపి పన్నెండు మందికీ ఇచ్చారు. అప్పటినుంచి మా గ్యాంగులో ప్రతి ఒక్కరి జేబులో ఓ చిన్న పుస్తకం, పెన్ను ఉంటున్నాయి.