తుప్పుపట్టిన తుపాకి ముక్క ఏమి చెప్పగలదు?

గోదావరి నీరు తీసిన తరువాత ఇసుకలోను, పాత యిల్లు విప్పునపుడు అటకమీదను, పాత ఇనుము కొట్టులోను ఒక్కొక్కప్పుడు వింత ఇనుప ముక్కలు కంటబడును. జానెడుకు తక్కువ పొడవు గల పలక, దానికి రెండు మూడు మరల రంధ్రములు, ఒక ప్రక్క వంపు తిరిగిన సుత్తివంటి భాగము ఉన్నచో అది పాతకాలపు తుపాకి యొక్క లాక్ కావచ్చును. మందును అంటించు యంత్రమునకే లాక్ అని పేరు.

ఇట్టిది దొరకగానే "ఇది అల్లూరి సీతారామరాజు తుపాకి" అను మాట పుట్టుట సహజము. రాజమహేంద్రవరమునకు ఎగువనున్న మన్యములో 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై ఆయన దళము దాడి చేసి 26 తుపాకులను, సుమారు 2,500 తోటాలను తీసికొనిపోయెను. ఇది చరిత్ర. అయితే మన చేతిలోని ముక్క వానిలోనిదేనా? ఈ ప్రశ్నకు సమాధానము అభిమానము వలన గాక పరీక్ష వలన రావలెను.

మొదట చేయరాని పనులు చెప్పుకొందము. ఇసుక కాగితముతో రుద్దరాదు, ఆమ్లములో వేయరాదు, ఎండబెట్టరాదు. ఇనుము నీటితోను ఆమ్లజనితోను కలిసి తుప్పుగా మారునపుడు దాని ఘనపరిమాణము పెరుగును. సముద్రపు పోటు తగులు ఏటి పాయలలో ఉప్పులోని క్లోరైడులు తుప్పు పొరల లోనికి చొచ్చుకొనిపోవును. అట్టి ముక్కను బయట ఆరబెట్టినచో క్రొత్త తుప్పు పుట్టి, పొరలు పగిలి పెళ్లలుగా రాలిపోవును. ముద్రల లోతు మిల్లీమీటరులో కొద్ది భాగమే గనుక ఆ పెళ్లలతోపాటు చరిత్రయు రాలును. కావున తడిగా దొరకినదానిని తడిగానే ఉంచి నిపుణులకు అందజేయవలెను. వారు క్షారద్రావణములో నానబెట్టి ఉప్పును తీయుదురు. ఎక్స్ కిరణములతో తుప్పు క్రింది అక్షరములను చూడగలరు.

గొట్టము దొరకినచో మరింత జాగ్రత్త అవసరము. లోపల మందు, గుండు మిగిలియుండవచ్చును. దానిని వేడిచేయుట, కొట్టుట, తొలుచుట ప్రాణాపాయకరము. 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము తుపాకి భాగములు కూడ ఆయుధములే. బాగుచేసినను పేలని పాతకాలపు తుపాకికి మినహాయింపు కలదు గాని, అది అట్టిదో కాదో తేల్చుట అధికారుల పని. భూమిలో దాగియుండి దొరకిన వస్తువు విలువ పది రూపాయలకు మించినచో కలెక్టరుకు తెలుపవలెనని 1878 నాటి నిక్షేపముల చట్టము చెప్పుచున్నది.

ఇక గుర్తింపు. మొదటి సాక్ష్యము ఆకారము. వత్తి తుపాకిలో కాలుచున్న వత్తిని పట్టుకొను వంకర కొయ్య వంటి ఇనుప చేయి ఉండును. చెకుముకి తుపాకిలో సుత్తికి రాతిని బిగించు రెండు దవడలుండును; పలకకు మందుపళ్లెము అమరు గుంట యుండును. ఆంగ్ల సైన్యములో 1839 ప్రాంతమునుండి వచ్చిన టోపీ తుపాకిలో సుత్తి కొన గిన్నెవలె గుంటగా నుండును. 1871 నాటి మార్టినీ-హెన్రీలో బయటి సుత్తియే లేదు; క్రింది మీటను లాగినచో వెనుక దిమ్మ దిగును.

రెండవది ముద్ర. రెండు కాళ్లపై నిలిచి కిరీటము పట్టిన సింహము ఈస్టిండియా కంపెనీ గుర్తు. రాణీ ప్రభుత్వపు తుపాకులపై కిరీటము, సంవత్సరము ఉండును. బెంగాలులోని ఈషాపూరు ముద్ర యున్న రైఫిలు 1904కు పూర్వము తయారైనది కాజాలదు. అక్కడ రైఫిళ్ల కర్మాగారము ఏర్పడినది ఆ సంవత్సరముననే.

మూడవది కొలత. వెర్నియర్ కాలిపర్సుతో గొట్టపు లోవ్యాసమును చూడవలెను. చెకుముకి మస్కెట్టుది దాదాపు 19 మిల్లీమీటర్లు. 1853 నాటి ఎన్‌ఫీల్డుది 14.7, మార్టినీ-హెన్రీది 11.4, లీ-ఎన్‌ఫీల్డుది 7.7. తుప్పు ఈ కొలతను మార్చును గనుక అనేక స్థలములలో కొలువవలెను. లోపలి గాడులనుకూడ లెక్కింపవలెను: ఎన్‌ఫీల్డుకు మూడు, మార్టినీకి ఏడు, లీ-ఎన్‌ఫీల్డుకు సాధారణముగా ఐదు. గాడులు లేనంత మాత్రమున తుపాకి 1853కు ముందరిదని తలంపరాదు. 1857 తిరుగుబాటు తరువాత ఆంగ్లేయులు భారతీయ సిపాయిలకు గాడులు లేని, 16.7 మిల్లీమీటర్ల నున్నని గొట్టపు తుపాకులను ప్రత్యేకముగా చేయించి యిచ్చిరి. తమ రైఫిలుకు సమానమైన ఆయుధము వారి చేత నుండరాదని భయపడిరి. ఒక నున్నని గొట్టములో రాజనీతియు కనబడును గదా!

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. పలకపై 1858 అని యున్నచో అది పుట్టిన యేడు మాత్రమే తెలిసినది. ఆ తుపాకి తరువాత ఎన్ని యేండ్లు ఎవరెవరి చేతులు మారినదో ఆ అంకె చెప్పదు. కావున 1922లో వాడిరనుటకు అది రుజువు కాదు. వాడలేదనుటకును రుజువు కాదు. కాని 1930 అని యున్నచో ఆ మాట ఒక్కసారిగా తొలగిపోవును. ఖండించుటకు ఒక్క సాక్ష్యము చాలును. స్థాపించుటకు అనేక సాక్ష్యములు కలిసిరావలెను. దొరకిన చోటు, లోతు, దానితోపాటు దొరకిన వస్తువులు, నాటి పోలీసు దస్తావేజులు, అన్నియు ఒకేమాట చెప్పవలెను.

ఉపాధ్యాయులు ఈ విధానమును ఆయుధము లేకుండనే తరగతిలో నేర్పవచ్చును. ఒక పాత తాళమును గాని త్రాసును గాని తెచ్చి, కొలిచి, ముద్రలు చూచి, బొమ్మ గీయించి, "ఇది ఎప్పటికి ముందుది కాజాలదు?" అని విద్యార్థులను అడుగుడు. నిజముగా తుపాకి ముక్కయే దొరకినచో, ఉన్నచోటనే ఫోటో తీసి, స్థలము వ్రాసికొని, పోలీసులకును పురావస్తు శాఖకును తెలుపుడు. రాజమహేంద్రవరములోని రాళ్లబండి సుబ్బారావు ప్రదర్శనశాల వంటి చోట వివరములతో చేరిన తుప్పుముక్క చరిత్రకు సాక్షి యగును. వివరములు పోయిన ముక్క ఉత్త ఇనుమే.